ఆరో రౌండులో నీలం టేపు

కరోనా తగ్గిన రెండో ఏడాది, మార్చి నెల. కర్నూలులో నంద్యాల రోడ్డు మీదున్న ఒక కల్యాణ మండపంలో, పెళ్లిపీటలు వేసే చోట బాక్సింగ్ రింగ్ కట్టారు. అంతకుముందు జరిగిన పెళ్లి తాలూకు బంతిపూల దండలు స్తంభాలకు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. మార్చికే మా ఊళ్లో ఎండ ముదిరిపోతుంది. సాయంత్రం ఐదు దాటినా హాల్లో కూలర్లు వేడి గాలే కొడుతున్నాయి. ఒక పక్క కర్నూలు జనం, ఇంకో పక్క నాలుగు బస్సుల్లో వచ్చి దిగిన కడప జనం. రింగును ఆనుకుని మూడు వైపులా మూడు ఎత్తు కుర్చీల్లో ముగ్గురు జడ్జీలం కూర్చున్నాం. మూడో కుర్చీ నాది.

నేను ప్రభుత్వ బాలికల ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. పుట్టింది ఒంటిమిట్టలో, అంటే కడప జిల్లా. ఉద్యోగం పద్దెనిమిదేళ్లుగా కర్నూలులో. బాక్సింగ్ జడ్జిగా లైసెన్స్ తీసుకుని అప్పటికి పదకొండేళ్లయింది. "ఆడమనిషివి, నీకెందుకమ్మా ఈ కొట్లాటలు?" అని అడిగేవాళ్లకు మొదట్లో ఓపిగ్గా జవాబు చెప్పేదాన్ని. తర్వాత విసుగొచ్చి మానేశాను. ఆ రోజు నన్ను మూడో జడ్జిగా వేయడానికి కారణం నా ఊరే. మిగతా ఇద్దరిలో ఒకాయన కర్నూలు, ఒకాయన కడప. నేను రెండు జిల్లాలకూ చెందిన మనిషిని కాబట్టి ఎవరికీ అనుమానం రాదని వేసినవాళ్ల ఆలోచన. తీరా చూస్తే రెండు పక్కలవాళ్లూ నన్ను అవతలి మనిషనే అనుకున్నారు.

జడ్జి పని చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది. మూడు నిమిషాల రౌండు అయిపోగానే ఎవరిది పైచేయో తేల్చుకుని వాళ్లకు పది, అవతలివాళ్లకు తొమ్మిది వేయాలి. చిన్న స్లిప్పు మీద రెండే గడులు. ఎడమ గడి రెడ్ కార్నర్‌ది, కుడి గడి బ్లూ కార్నర్‌ది. కార్నర్ అంటే రౌండుకూ రౌండుకూ మధ్య ఒక్క నిమిషం బాక్సర్ కూర్చునే మూల. స్లిప్పుల పుస్తకంలో కార్బన్ పెట్టి ఉంటుంది. సంతకం చేసి, తేదీ వేసి, పై కాగితం చింపి రిఫరీకి ఇస్తాం. ఆయన దాన్ని సూపర్‌వైజర్ బల్ల మీద పెడతాడు. కింది నకలు మా దగ్గరే ఉండిపోతుంది. ఒకసారి ఇచ్చిన స్లిప్పును వెనక్కి తీసుకోవడం ఉండదు.

నాకు ఈ పని నేర్పింది కేశవయ్య సార్. ఆత్మకూరు ఆయన. ఒకప్పుడు రిఫరీ, ఇప్పుడు పెద్ద పోటీలకు సూపర్‌వైజర్. మొదటి రోజే నాకొక మాట చెప్పాడు.

"ముఖం చూడొద్దమ్మా సుజాతా. ముఖం చూస్తే ఊరు గుర్తొస్తాది. ఊరు గుర్తొస్తే అంకె మారిపోతాది. చేతికుండే టేపు చూడు, సాలు."

ప్రొఫెషనల్ పోటీల్లో గ్లౌజులను లేసులతో బిగించి, ముడి ఊడకుండా మణికట్టు చుట్టూ టేపు చుడతారు. రెడ్ కార్నర్ వాళ్లకు ఎర్ర టేపు, బ్లూ కార్నర్ వాళ్లకు నీలం టేపు. దెబ్బ శుభ్రంగా తగిలిందా, తగిలిన చేతికి ఏ రంగుంది, ఈ రెండే చూడమని సార్ మాట. పదకొండేళ్లూ అలాగే చూశాను. ఒంటిమిట్ట మనిషి ఆడినా, మా స్కూలు పక్క వీధి మనిషి ఆడినా నాకు వాడొక రంగు, అంతే. ఆ సంగతి తలచుకుని కొంచెం గర్వపడేదాన్ని కూడా.

ఆ సాయంత్రం పోటీ లైట్‌వెయిట్ టైటిల్ కోసం. ఎనిమిది రౌండ్లు. రెడ్ కార్నర్‌లో మద్దిలేటి. ఓర్వకల్లు పక్కన పల్లె, ముప్పై నాలుగేళ్లు, గూడ్స్ ఆటో నడుపుతాడు. బ్లూ కార్నర్‌లో దస్తగిరి. కడపలో బైక్ మెకానిక్, వయసులో ఆరేళ్లు చిన్న. ఇద్దరికీ ఒకే విత్తనాల కంపెనీ బట్టలిచ్చింది కాబట్టి ఇద్దరూ ఒకే ఆకుపచ్చ నిక్కర్లతో దిగారు. ఎత్తు కూడా ఇంచుమించు ఒకటే. ఎండలకు ఇద్దరూ జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకున్నారు.

పోటీకి ముందు డాక్టరు ఇద్దరినీ పరీక్ష చేస్తుంటే నేను అక్కడే ఉన్నాను. మద్దిలేటి డాక్టరుతో అన్నాడు.

"ఇదే ఆఖరుది సార్. ఆ బెల్టు ఒక్కసారి నడుముకు కట్టుకుంటే ఇంగ గ్లౌజులు ముట్టనని మా ఇంటామెకు మాటిచ్చినా."

వెనకే అతని భార్య లక్ష్మీదేవి తువ్వాళ్ల సంచి పట్టుకుని నిలబడి ఉంది. "ఇంగా గట్టిగా చెప్పు. ఈ మేడం గూడ వినని. రేపు మాట మారిస్తే సాక్ష్యం ఉంటాది" అంది. అందరం నవ్వాం.

మొదటి ఐదు రౌండ్లూ పోటాపోటీగా సాగాయి. మద్దిలేటి కుడి చెయ్యి బరువు, దస్తగిరి కాళ్లు చురుకు. ఐదో రౌండు చివర్లో రెడ్ కార్నర్ వైపు ఏదో హడావిడి జరిగింది. నేను స్లిప్పు రాస్తున్నాను, తలెత్తలేదు. ఆరో రౌండు మొత్తం ఇద్దరూ నుదురూ నుదురూ ఆనించి, దగ్గర నుంచే కొట్టుకున్నారు. నా వైపు నుంచి మోచేతులు, గ్లౌజులు తప్ప ఏమీ కనిపించడం లేదు. డొక్కల్లో, దవడ మీద టపటపా పడుతున్న దెబ్బల్లో నీలం టేపు చేతులవే ఎక్కువ. గంట మోగగానే నిస్సంకోచంగా రాశాను. రెడ్ తొమ్మిది, బ్లూ పది.

ఎనిమిది రౌండ్లూ అయ్యాక లెక్క తేలింది. కర్నూలు జడ్జి డెబ్బై ఏడు, డెబ్బై ఐదుతో మద్దిలేటికి ఇచ్చాడు. కడప జడ్జి అవే అంకెలు దస్తగిరికి ఇచ్చాడు. నా కాగితంలో చెరి నాలుగు రౌండ్లు, డెబ్బై ఆరు, డెబ్బై ఆరు. ఒకరు ఇటు, ఒకరు అటు, ఒకరు సమానం అంటే దాన్ని స్ప్లిట్ డ్రా అంటారు. ఎవరూ గెలవరు.

హాలు అట్టుడికిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు గాల్లోకి లేచాయి. కడపవాళ్లు తమవాడి గెలుపు నొక్కేశారని, కర్నూలువాళ్లు తమవాడిని ముంచేశారని. "ఆయమ్మకేం తెలుసప్పా కొట్లాట సంగతి! ఇంట్లో కూచోక!" అని ఎవరో నా వెనకే అరిచారు. నేను తిరిగి చూడలేదు. నా స్లిప్పుల మీద నాకు అంత నమ్మకం. పోలీసులు మమ్మల్ని వంటశాల వైపు నుంచి బయటికి తీసుకుపోతుంటే, గాడిపొయ్యిల పక్కన స్టూలు మీద మద్దిలేటి కూర్చుని కనిపించాడు. లక్ష్మీదేవి అతని ముఖానికి మంచుగడ్డ అద్దుతోంది.

"ఇంగొకసారా?" అంది.

"ఇంగొక్కసారే" అన్నాడు మద్దిలేటి.

జూన్‌లో కడపలో రీమ్యాచ్ అని మర్నాడే ప్రకటించారు.

వారం తర్వాత, మా స్టాఫ్ రూములో ఖాళీ పీరియడ్. నా ఫోనుకు ఒక వీడియో వచ్చింది. ఎవరో హాల్లో నుంచి తీసింది. కింద రాత: 'ఈ మేడం కండ్లు యాడ పెట్టుకోనుండాదో చెప్పండప్పా'. ఇలాంటివి అప్పటికే చాలా వచ్చాయి, చదివి పారేశాను. ఇది మాత్రం ఆరో రౌండుది. నా తీర్పు ఎంత సరైందో నాకు నేను చూపించుకుందామనే పొగరుతో తెరిచాను.

మొదట ఐదో రౌండు తర్వాతి నిమిషం. మద్దిలేటి కుడి గ్లౌజు టేపు ఊడి వేలాడుతోంది. అతని మనిషి చేతిలో ఎర్ర టేపు చుట్ట అయిపోయింది, ఖాళీ అట్ట మిగిలింది. ఎదురు మూల నుంచి దస్తగిరి తమ చుట్టను వాళ్లకు విసరమని తనవాళ్లకు సైగ చేశాడు. వాళ్లు పట్టుకుని, గబగబా మద్దిలేటి కుడి మణికట్టుకు చుట్టారు. నీలం టేపు. ఆ తోపులాటలో రిఫరీ కూడా చూసినట్టు లేదు. గంట మోగింది.

నేను వీడియో ఆపి ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. మళ్లీ తీశాను. ఆరో రౌండులో దస్తగిరి డొక్కలో, దవడ మీద పడిన ఆ బరువైన కుడి దెబ్బలన్నీ మద్దిలేటివి. ఎడమ చేతికి ఎరుపు, కుడి చేతికి నీలం. కుడి చేత్తో అతను కొట్టిన ప్రతి దెబ్బనూ నేను అవతలివాడి గడిలో వేశాను. తర్వాతి విరామంలో రిఫరీ గమనించి, సూపర్‌వైజర్ బల్ల మీద నుంచి ఎర్ర టేపు తెప్పించి మార్పించాడు. అప్పుడూ నేను తల వంచుకుని రాసుకుంటూనే ఉన్నాను. మిగతా ఇద్దరు జడ్జీలూ ముఖాలు చూసేవాళ్లు కాబట్టి వాళ్లకు ఈ పొరపాటు జరిగే అవకాశమే లేదు.

ఆ ఒక్క గడి సరిగా రాసి ఉంటే నా కాగితం కూడా డెబ్బై ఏడు, డెబ్బై ఐదు అయ్యేది. ముగ్గురిలో ఇద్దరం ఒకే మాట చెప్పినట్టయ్యేది. బెల్టు ఆ సాయంత్రమే మద్దిలేటి నడుముకు ఎక్కేది, లక్ష్మీదేవికిచ్చిన మాట ఆ సాయంత్రమే తీరేది. నాకు ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను.

ఆదివారం ఆత్మకూరు బస్సెక్కి కేశవయ్య సార్ ఇంటికి వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని వీడియో రెండుసార్లు చూశాడు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"ఎవరికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"చెప్పాకు. కూడిక తప్పయితే కాగితం దిద్దొచ్చు. చూపు తప్పు దిద్దే రూలు యాడుండాది? రీమ్యాచ్ ఎట్లా ఉండనే ఉండాది. మంచోడైతే ఆ పొద్దు గెలుస్తాడు."

"అతను మళ్లీ దెబ్బలు తినాలి కదా సార్."

"దెబ్బలు తినేది వాని వృత్తి. నీ సంగతి సూసుకో. ఇద్దరు ఆడపిల్లలు జడ్జి పరీక్ష రాసి కూచోనుండారు. నువ్వు నోరు తెరిస్తే రేపట్నుంచి ఏ ఆడమనిషి చేతికీ స్లిప్పు ఇయ్యరు. నా మాట ఇను."

విన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట వినడానికే అంత దూరం వెళ్లాను. తిరుగు బస్సులో మనసు కాస్త కుదుటపడింది కూడా. ఆ ఆడపిల్లల పేరు అడ్డం పెట్టుకోవడం నాకు చాలా సుఖంగా ఉంది.

కానీ ఆ సుఖం ఎంతో కాలం నిలవలేదు. గ్రౌండులో పిల్లలకు కబడ్డీ ఆడించేటప్పుడు ఎవరి గీత ఎవరు దాటారో చెప్పడానికి నోరు పెగిలేది కాదు. మే నెలాఖరుకు, రీమ్యాచ్ ఇంకా రెండు వారాలుందనగా, మద్దిలేటికి చెప్పేయాలని గట్టిగా అనుకుని ఓర్వకల్లులో దిగాను. అక్కడి నుంచి షేర్ ఆటోలో వాళ్ల పల్లె. ఉదయం ఎనిమిదిన్నర. అతను రాళ్లగుట్ట మీద పరుగు ముగించి దిగి వస్తున్నాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఏం మేడం, మీరీడ! రాండి రాండి. ఎండలో నిలబడితిరే."

ఇంటి ముందు రేకుల నీడలో మంచం వాల్చాడు. లక్ష్మీదేవి మజ్జిగ తెచ్చిచ్చింది. నేను గ్లాసు పట్టుకుని, "ఆ రోజు డ్రా గురించి మాట్లాడదామని వచ్చాను మద్దిలేటీ" అన్నాను. అక్కడిదాకా రాగలిగాను.

అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏం మాట్లాడొద్దు మేడం. నేను మా వాళ్లందరితోనూ కొట్లాడినా మీ గురించి. కర్నూలాయన కర్నూలుకిచ్చె, కడపాయన కడపకిచ్చె. ఊరు చూడకుండా ఇచ్చినామె ఈమె ఒక్కతే అన్నా. మీ కాగితంలో సమానమంటే సమానమే. అంటే నాలో ఇంగా తక్కువుండాదని. ఆ తక్కువ కోసమే ఈ గుట్ట ఎక్కుతాండా."

"దినాము మీ మాటే చెప్తాడు మేడం" అంది లక్ష్మీదేవి.

అతనికి ఈ లోకంలో న్యాయంగా కనిపించిన కాగితం నాది ఒక్కటే. అది తప్పని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకపోవడం అతని మీద జాలి అని ఆ నిమిషానికి నన్ను నేను నమ్మించుకున్నాను. అది నా పిరికితనం. మజ్జిగ తాగేసి, జడ్జి చెప్పకూడని మాట ఒకటి చెప్పి లేచాను.

"దెబ్బ వేశాక ఎడమ చెయ్యి కిందికి దించుతున్నావు. అవతలివాడి కుడి చెయ్యి నేరుగా నీ కంటి మీదికి వస్తుంది. జాగ్రత్త."

"సరే మేడం" అన్నాడు మద్దిలేటి, నాకేదో రుణపడ్డవాడిలా.

జూన్‌లో కడప. ఒక కాలేజీ ఇండోర్ స్టేడియం. జడ్జిగా కూర్చోనని ముందే చెప్పేశాను. కారణం అడిగితే ఆరోగ్యం బాగాలేదన్నాను. నన్ను గ్లౌజుల బల్ల దగ్గర ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. లేసులు సరిగా కట్టారా, టేపు సరిగా చుట్టారా చూసే పని. కంటి డాక్టరు ఇచ్చిన కాగితాలు కూడా నా చేతికే వచ్చాయి. మద్దిలేటి రెండు కళ్లూ నిక్షేపంగా ఉన్నాయని రాసి ఉంది. అతని గ్లౌజులకు ఎర్ర టేపు నేనే చుట్టాను. రెండు చుట్లకు బదులు నాలుగు చుట్లు చుట్టాను.

"ఇంత బందోబస్తా మేడం!" అని నవ్వాడు.

లక్ష్మీదేవి లోపలికి రాలేదు. బయట మెట్ల మీద కూర్చుంది. నేను మాత్రం ఎనిమిది రౌండ్లూ నిలబడే చూశాను. ఈసారి ముఖాలు చూశాను. మద్దిలేటి అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. మొదటి ఐదు రౌండ్లలో నాలుగు అతనివే. కానీ ముప్పై నాలుగేళ్ల ఒళ్లు. ఆరో రౌండు నుంచి ఎడమ చెయ్యి కిందికి జారడం మొదలైంది. ఏడో రౌండులో దస్తగిరి కుడి చెయ్యి మూడుసార్లు, ఎనిమిదో రౌండులో ఎన్నిసార్లో ఎడమ కంటి మీదే పడింది. పడిన ప్రతిసారీ నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. అతను పడిపోలేదు. ముగ్గురు జడ్జీలూ గెలుపు అతనికే ఇచ్చారు. కడప జనం కూడా చప్పట్లు కొట్టారు. దస్తగిరే వచ్చి మద్దిలేటి చెయ్యి పైకెత్తాడు.

బెల్టుతో రింగు దిగి, వాచిపోయిన కంటితోనే నా దగ్గరికొచ్చాడు. "మీరా పొద్దు డ్రా ఇయ్యబట్టే మేడం, ఈ పొద్దు ఎవురూ మాట అనకుండా గెలిచినా" అన్నాడు. కూలరు హోరులో నేనేమన్నానో నాకే వినపడలేదు. అతను గెలిచాడు కాబట్టి ఇక ఎవరికీ ఏ నష్టం లేదనుకున్నాను. ఆ రాత్రి మూడు నెలల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయాను. ఆ నిద్ర తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మూడు వారాలకు మద్దిలేటి ఎడమ కంటికి ఒక మూల నుంచి నల్ల పరదా దిగినట్టు కనిపించడం మొదలైంది. వాపు తాలూకు మసక అనుకుని పది రోజులు ఆటో నడిపాడు. ఆసుపత్రికి వెళ్లేసరికి కంటి లోపలి పొర, రెటీనా, చాలా వరకు ఊడిపోయింది. ఆపరేషన్ చేశారు. వెలుగు తెలుస్తుంది, ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలియదు. ఆటో బాడుగకిచ్చేశాడు. ఇదంతా నాకు మా స్కూల్లో చదివే ఓర్వకల్లు పిల్లల నోట తెలిసింది.

ఆగస్టులో వాళ్లింటికి వెళ్లాను. ఈసారి బస్సులో ఏం చెప్పాలో కూడా ఆలోచించుకోలేదు. స్లిప్పుల పుస్తకం, వీడియో ఉన్న ఫోను సంచిలో పెట్టుకున్నాను. అదే రేకుల నీడ, అదే మంచం. బెల్టు లోపల గోడకు మేకు మీద వేలాడుతోంది. లక్ష్మీదేవి కాఫీ ఇచ్చింది. నేను గ్లాసు కింద పెట్టి మొత్తం చెప్పాను. టేపు సంగతి, నా గడి సంగతి, మార్చిలోనే నాకు తెలిసిన సంగతి, మే నెలలో ఇదే మంచం మీద కూర్చుని చెప్పకుండా వెళ్లిన సంగతి.

మద్దిలేటి ఒక్కటే అడిగాడు.

"అయితే ఆరో రౌండు నాదేనా మేడం?"

"నీదే. నిస్సందేహంగా నీదే."

"ఆ పొద్దు నాకూ అట్లే అనిపిచ్చింది" అన్నాడు. "వాని డొక్కలో నా చెయ్యి పడతాంటే నాకు తెలుస్తాంది గదా. మీ కాగితం చూసి, నాదే భ్రమ అనుకుంటి."

లక్ష్మీదేవి నా ముందున్న కాఫీ గ్లాసు తీసి, వాకిట్లో పారబోసింది. "మే నెలలో ఈడ కూసోని మజ్జిగ తాగితివి" అంది. అప్పటిదాకా మేడం, మీరు అన్న మనిషి. "ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే నేను ఈయప్ప కాళ్లు పట్టుకోనైనా ఆపుకోనుందునే. బెల్టు లేకపోయినా మాకేం. నీకు నోరెందుకు రాలేదు?"

"భయమేసింది" అన్నాను.

"నీకు భయం. మాకు కన్ను" అని లోపలికి వెళ్లిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

లేచి నిలబడ్డాను. మద్దిలేటి కూర్చోమని చేత్తో చూపించాడు. "ఆ పుస్తకం తెచ్చినారు గదా. నాకు రాసియ్యండి" అన్నాడు.

"ఏం రాయాలి?"

"ఆరో రౌండు. సరిగ్గా రాసియ్యండి. సంతకం గూడ పెట్టండి."

మంచం మీద పుస్తకం పెట్టి, కొత్త స్లిప్పు మీద రాశాను. ఆరో రౌండు. రెడ్ పది, బ్లూ తొమ్మిది. సంతకం చేసి, ఆ రోజు తేదీ వేసి, చింపి ఇచ్చాను. అతను దాన్ని కుడి కంటికి దగ్గరగా పట్టుకుని చూశాడు. రెండంకెల కాగితాన్ని అంతసేపు చూసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆ సాయంత్రమే దస్తగిరికి ఫోన్ చేశాను. అతను కూడా నా వల్లే రెండోసారి దెబ్బలు తిన్నాడు. అంతా విని, "ఆ టేపు విసరమనింది నేనే గదా మేడం" అని మాత్రం అన్నాడు. మర్నాడు మాకు లైసెన్సులిచ్చే బాక్సింగ్ బోర్డుకు ఉత్తరం రాశాను. కేశవయ్య సార్ పేరు రాయలేదు. ఆయన చెప్పిన మాట నేను వినాలనుకున్నది కాబట్టి విన్నాను, ఆ తప్పు నాది. బోర్డు నన్ను ఏడాది పాటు పక్కన పెట్టింది. రీమ్యాచ్ జరిగిపోయింది కాబట్టి పాత డ్రా అలాగే ఉంటుందని, జడ్జి స్వయంగా రీమ్యాచ్‌కు ముందే రాసి ఉంటే విచారణ జరిపేవాళ్లమని జవాబిచ్చింది. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆడమనిషికి ఇస్తే ఇంతేనని అనాల్సినవాళ్లు అన్నారు. పరీక్ష రాసిన ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం లైసెన్స్ వచ్చింది. వాళ్లను నా మౌనం కాపాడుతుందనుకున్నానే, వాళ్లకు దాని అవసరమే లేకపోయింది.

ఇప్పుడు మళ్లీ జడ్జిగా కూర్చుంటున్నాను, కొత్తవాళ్లకు తరగతులు కూడా చెబుతున్నాను. మద్దిలేటి ఊళ్లో పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నాడు. ఎప్పుడైనా వెళితే పలకరిస్తాడు. లక్ష్మీదేవి నన్ను చూస్తే లోపలికి వెళ్లిపోతుంది. ఆమెకు ఆ హక్కుంది.

కొత్తవాళ్లకు మొదటి తరగతిలో టేపు ఒక్కటే చూడమని చెప్పను. మనిషిని చూడండి, ఊరు గుర్తొస్తే గుర్తు రానివ్వండి, గుర్తొచ్చినా సరిగా రాయడమే మీ పని అంటాను. ఆ తర్వాత నా దగ్గర మిగిలిన రెండు కార్బన్ నకళ్లు బల్ల మీద పక్కపక్కన పెడతాను. ఒకటి కల్యాణ మండపంలో రాసింది, ఇంకొకటి రేకుల నీడలో మంచం మీద రాసింది. ఒకే రౌండు, ఒకే సంతకం. పిల్లలందరూ వంగి అంకెలు చూస్తారు. తొమ్మిది పది, పది తొమ్మిది, తప్పెక్కడ జరిగిందో తెలిసిపోయిందంటారు. అంకెలు కాదు, కింద తేదీలు చూడమంటాను.